ఊరికంతా విశేషణాలు ఇచ్చిన టీచరమ్మ

అవ్వలారా, అక్కలారా, అన్నలారా, తమ్ముండ్లారా. చర్చి అయ్యగారికి నమస్కారం. ముందటి వరుసల కూసున్న టీచరమ్మ ఇంటాయన ఫిలిప్ సార్‌కు నమస్కారం. ఇచ్చోడకెల్లి వచ్చిన టీచరమ్మ చెల్లె క్యాథరిన్ మేడంకు, ఇయ్యాల సాంచలు బంద్ చేసుకొని వచ్చిన నా తోటి నేతగాళ్లకు, అందరికి నమస్కారం.

మన టీచరమ్మ మనల్ని ఇడిసి ఎల్లిపోయింది. గీ మాట చెప్పుటానికే గీ సభ. చెప్పిన. ఇగ ఏడ్చేటోళ్లుంటే మీ మీ ఇండ్లకు వోయి ఏడ్వుండ్రి. ఈడ ఏడిస్తే ఆమె ఒప్పుకోదు. ఏడ్చినోళ్లను ఆపి, "ఏడుపుమొఖానికి ఇంగ్లీషుల ఎన్ని విశేషణాలున్నయో ఎరుకనా?" అని అడుగుతది. చెప్పేదాక కొంగుతోని కండ్లు తుడుసుకోనియ్యది. ఆమె సంగతి మీకు తెల్వదా?

నేను ఓంప్రకాశ్. టీచరమ్మ ఇంటి ఎదురుంగ ఉన్న షెడ్డుల సాంచలు, గదే కరెంటు మగ్గాలు, నడుపుతా. మీల సగం మందికి నత్తి ఓంప్రకాశ్ అంటే గాని నేను ఎరుక కాను. మైకు ముందట నిలవడుడు నాకు ఇదే మొదలు. మీరు ఆశ్చర్యంగ చూస్తున్నరు. నాకు మీకంటే ఎక్కువ ఆశ్చర్యమైతుంది.

అసలు సంగతి ముందే చెప్త. కరీంనగర్ దవాఖాన్ల టీచరమ్మ నా చెయ్యి వట్టుకొని అన్నది: "ఓంప్రకాశ్, నా సంతాప సభల నువ్వే మాట్లాడాలె. టీచరమ్మ అనుడు గాదు, నా నామంతోని మొదలువెట్టాలె." ఆమె నామం అనలే, మీరందరు అనే మాటనే అన్నది. గా మాట నాకు రాదు కాబట్టి నామం అంటున్న, గుళ్లె అయ్యవారి లెక్క. నవ్వుకోండ్రి. మరి మొదలువెట్టిన్నా? వెట్టలే. మీరు ఇన్నరు గదా, టీచరమ్మ అనే అన్న.

ఎందుకనలే? ఆమె నామం ఏ అక్షరంతోని షురువైతదో మీకెరుకే. చిన్నప్పుడు త థ ద ధ న అని చదువుకున్నం గదా. గా వరుస అయినంక వచ్చే అక్షరం. అదే నా దుష్మన్. దాని తమ్ముండ్లు బ, మ మంచోళ్లే, రమ్మంటే వస్తరు. గిది మాత్రం మూతి మూసుకొని లోపట కూసుంటది, తలుపు తియ్యది. మాట నడుమ వస్తే ఏం గాదు. మాట మొదట్ల వచ్చిందా, ఆగిన కాడనే ఆగిపోత. మా అవ్వ, మా బాపు ముందట ఓం అని తగిలించి మిగిలినదాన్ని వెనుకకు నూకిండ్రు కాబట్టి నా నామం నేను చెప్పుకుంటున్న.

దేవుడు నాతోని ఎంత మజాక్ చేసిండో చూడుండ్రి. నన్ను ఏ కులంల వేసిండు? గా కులం షురువయ్యేది గా అక్షరంతోనే. మగ్గం మీద నిలువు దారాలకు ఒక మాట ఉన్నది. అడ్డం దారానికి ఒక మాట ఉన్నది. రెండూ గా అక్షరంతోనే. కమ్మరోళ్ల ఇంట్ల వేస్తే సుత్తె, కొలిమి అనుకుంట హాయిగ బతుకుదును గదా!

ఇయ్యాల నాకున్న ఫికర్ ఒక్కటే. మొదట్ల అనలేకపోయిన. కూసునేలోపల ఆమె నామం ఒక్కసారన్న అనాలె. అంటనో, అననో నాకు తెల్వది. మీకు ఒక్కటే విన్నపం. నా నోట్ల మాట ఆగితే ఎవ్వరు అందియ్యకుండ్రి. మీరు మంచికే అందిస్తరు. అయినా వద్దు. ఎందుకో ఇనుకుంట ఉండుండ్రి.

సాంచల షెడ్డుల ఎవ్వరు మాట్లాడరు. మాట్లాడినా ఇనవడది. మూతులు చూసి, చేతులు చూసి, కనుబొమ్మలు చూసి సమజ్ చేసుకుంటం. కండెల దారం అయిపోయిందంటే ఒక సైగ. చాయ్ వచ్చిందంటే ఒక సైగ. సాంచల ఓనర్ సేఠ్ వచ్చిండంటే దానికి వేరే సైగ ఉన్నది, అది చర్చిల చూయించేటిది గాదు. గా చప్పుట్ల నేను అందరి లెక్కనే. నాకు నత్తి ఉన్నదని సాంచలకు ఎన్నడు ఎరుక లేదు. కరెంటు కట్ అయితేనే నాకు తిప్పలు. అంతా నిమ్మలమైతది. అందరు బయటికొచ్చి అరుగు మీద ముచ్చట్లు షురువు చేస్తరు. నేను ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు చూసుకుంట నిలవడుదును, దేవుని దిక్కు చూసినట్టు.

టీచరమ్మ మిషన్ బడిల రిటైరై గప్పుడే మా ఎదురుంగ ఇల్లు కట్టుకున్నది. ఎండకాలం ఒకనాడు కరెంటు కట్ అయింది. ఆమె చాయ్ కప్పు చేతుల వట్టుకొని రోడ్డు దాటి వచ్చింది. చప్పుడు గురించి కొట్లాటకు వచ్చిందని అందరం అనుకున్నం. మా షెడ్డు రాంచందరన్న జవాబు సుత తయారు చేసుకున్నడు. ఆమె అరుగు మీద కూసొని, "మీ చప్పుడు ఆగిపోయింది. నాకు ఏం తోస్తలేదు. ఎవ్వలన్న మాట్లాడుండ్రి" అన్నది.

మావోళ్లు నవ్వుకుంట నన్ను చూయించిండ్రు. ఆమె నా దిక్కు తిరిగింది. గప్పుడే ఆమె కప్పుల ఒక ఈగ వడ్డది. నేను చూసిన. ఈగ అంటే ఐపోవు. తొందరల ఇంకో మాట అందుకున్న, మీకు సమజైంది గదా ఏ మాటనో, చిక్కుకున్న. ఇగ బాజుకున్నోళ్లంతా తలా ఒకటి అందిస్తుండ్రు. ఆకలైతుందా? అప్పు కావాల్నా? కడుపు నొస్తుందా? టీచరమ్మ చెయ్యి లేపి అందరిని ఆపింది. ఆపి, ఊకున్నది. నా మొఖమే చూసుకుంట, గుక్క గుక్క చాయ్ తాగుకుంట, ఊకున్నది.

నాకోసం గట్ల ఎవ్వరు ఎన్నడు ఆగలే. మా అవ్వ సుత ఆగలే. ఆమెకు నా మీద రంది ఎక్కువ, అందుకే జల్ది అందించేది. గానాడు నా మాట నేనే తెచ్చుకున్న. తెచ్చుకునేసరికి ఈగ లోపలికి ఎల్లిపోయింది. చాయ్ అయిపోయింది. సంగతి సమజై టీచరమ్మ ఎంత నవ్విందో! అరుగు మీదికెల్లి జారవోయింది. నవ్వి నవ్వి, "నీకు నత్తోడు అని ఎవ్వలు తగిలించిండ్రు? తీసెయ్యి. ఇయ్యాలటి నుంచి నువ్వు లకానిక్" అన్నది.

మన దిక్కు సంగతి మీకెరుక. ఒక్క గల్లీల నలుగురు రాజంలుంటే కుంటి రాజం, మెల్ల రాజం, బోడ రాజం, బక్క రాజం. మనిషికి ఏది తక్కువుంటే అదే ముందట తగిలిస్తం. టీచరమ్మ అన్నది: "మీరు తగిలించేటియి సుత విశేషణాలే. కాని అంతా అగ్గువ సరుకు. మంచి సరుకు నేను తెస్త." తెచ్చింది. లాటిన్‌కెల్లి తెచ్చింది, గ్రీకుకెల్లి తెచ్చింది. ఇంగ్లీషు సార్లకే తెల్వని మాటలు తెచ్చి మా గల్లీల ఇంటింటికి ఇచ్చింది. ఒక్కటే షరతు. మాట తీసుకున్నోడు దాని మూలం చెప్పాలె. అది ఏ దేశంల మొలిచింది, ఎవ్వల ఇండ్లల్ల తిరిగింది, మన దాక ఎట్ల వచ్చింది? చెప్పరాకుంటే మాట వాపస్.

మరి నా మాట మూలం చెప్పాలె గదా. గ్రీసు దేశంల లకోనియా అని ఒక సీమ. ఆడోళ్లైనా, మొగోళ్లైనా, గా సీమల ఎవ్వరు ఎక్కువ మాట్లాడరు. గందుకే తక్కువ మాటల్ల సంగతి తేల్చేటోడు లకానిక్. ఒక రాజు వాళ్లకు కబురు చేసిండు: "నేను మీ సీమల అడుగువెడితే అందరిని మట్టిల కలుపుత." వాళ్లు ఒక్కటే మాట వాపస్ చేసిండ్రు. "వెడితే." అంతే. వాళ్ల ఊరిని గా రాజు ముట్టలేదని చెప్తరు. గా రాజు ఎవ్వలో తెలుసా? ఫిలిప్! సార్, నేను చెప్తలేను, చరిత్ర చెప్తుంది. టీచరమ్మ అనేది: "మా ఇంట్ల సుత ఒక ఫిలిప్ రాజున్నడు. అన్నం ఆలస్యమైతే ఊకోను అంటడు. నేను 'ఐతే' అంట." సార్ నవ్వుతున్నడు. నవ్వుండ్రి సార్. ఆమెకు గదే కావాలె.

ముల్గుడు అంతయ్య కాక యాడున్నడు? గదో. ఎండ కొడితే ములుగుతడు, వాన కొడితే ములుగుతడు. ఆయనకు శాటర్నైన్ అని ఇచ్చింది. శని గ్రహం కింద జన్మించినోడు అని మూలం, గంభీరంగ ఉండేటోడు అని అర్థం. కాక శని అన్న మాట ఒక్కటే ఇన్నడు. తెల్లారి శనివారం తైలాభిషేకం చేయించి వచ్చి అడిగిండు: "టీచరమ్మా, మన తైలానికి ఇంగ్లీషు శని తొలుగుతదా?" ఆమె నవ్వలే. కాకను కూసోవెట్టి చెప్పింది: "శని నిదానస్తుడు. తొందరవడడు. నీ అంత నిదానంగ, దారం తెగకుండ సాంచ నడిపేటోడు గీ గల్లీల ఉన్నడా?" కాక గంతే, ఛాతి ఇంత చేసుకొని ఇంటికి వోయిండు. ములుగుడు మానలే గాని, గిప్పుడు గంభీరంగ ములుగుతున్నడు.

రాంచందరన్నకు ఇచ్చింది సెస్క్విపిడేలియన్. ఇన్నరా, ఎంత సాఫ్‌గ అన్ననో? మొదటి అక్షరం మంచిదైతే మాట ఎంత నిడివి ఉన్నా నాకు లెక్క లేదు. లాటిన్ల సెస్క్వి అంటే ఒకటిన్నర, దాని వెనుక ఉన్నది అడుగు. అడుగున్నర నిడివి మాటలు మాట్లాడేటోడు అని అర్థం. మా అన్న మైకు అందుకుంటే జనం సద్దులు గట్టుకొని రావాలె గదా! అన్నకు ఎంత సంబురమైందంటే, బతుకమ్మకు బస్టాండ్ కాడ ఫ్లెక్సీ కట్టించిండు. శుభాకాంక్షలతో, సెస్క్విపిడేలియన్ రాంచందర్. జనం అది డిగ్రీ అనుకున్నరు. ఏ కాలేజీల చేసినవన్నా అని అడిగిండ్రు. అన్న మాత్రం మాట తప్పలే. షరతు షరతే. అడిగినోళ్లందరికి మూలం చెప్పిండు. అడుగున్నరగ చెప్పిండు.

మా ఇంటామె మంజులకు సూపర్‌సిలియస్. లాటిన్ల సూపర్‌సిలియం అంటే కనుబొమ్మ. కనుబొమ్మ ఎగరేసి ఎదుటోణ్ని తక్కువ చేసి చూసేటోళ్లు అని ఇప్పటి అర్థం. మంజులకు కోపమొచ్చింది. టీచరమ్మ అన్నది: "అర్థం నిన్నటిది బిడ్డా, మూలం ఎన్నటిదో. నువ్వు మూలం తీసుకో, అర్థం నాకే ఇడిసెయ్యి. సాంచల చప్పుట్ల ఒక్క కనుబొమ్మతోని నువ్వు చెప్పే ముచ్చట డిక్షనరీల సుత దొరకది." ఇప్పుడు సుత ఆమె నా దిక్కు కనుబొమ్మ ఎగరేస్తుంది. జల్ది కానియ్యి అంటుంది. ఆగు, అయితది.

తర్వాత్తర్వాత కరెంటు మంచిగైంది. కోతలు లేవు. దేశమంతా సంబురం, టీచరమ్మ ఒక్కతే నారాజ్. అందుకే ఆదివారం చర్చి ఆరాధన అయినంక మేమే మెయిన్ స్విచ్ బంద్ చేసి అరుగు మీద కూసుందుము. సేఠ్‌కు ఇప్పటిదాక తెల్వది. ఇయ్యాల తెలిసింది. తెలిస్తే?

సేఠ్ అంటే యాదికొచ్చింది. కూలి రేట్ల గురించి ఒకపారి మాటలు నడిచినయి. రాంచందరన్న మా తరఫున మాట్లాడిండు. చాయ్ వచ్చింది, మల్లొకసారి చాయ్ వచ్చింది, అన్న మాట మాత్రం తెగలే. సేఠ్‌కు యాష్టకొచ్చింది. "మీరు సాంచలు బంద్ చేస్తే, అన్నిటిని తుక్కు కింద అమ్మేస్త" అన్నడు. అందరు చల్లవడ్డరు. సాంచలు లేకుంటే మేమేం తినాలె? గప్పుడు మూలకు కూసున్న నేను, నాకే తెల్వకుండ, అన్న.

"అమ్మితే?"

అంతే. ఇంకో మాట అనలే. తుక్కు అమ్మితే ఏం వస్తది, రేపు బట్ట యాడికెల్లి తెస్తవు, నీ వ్యాపారం గతేంది, అన్నీ గా ఒక్క మాటల్నే ఉన్నయి. సేఠ్ జవాబు కోసం నోరు తెరిచిండు, మూసిండు, మల్ల తెరిచిండు. నా రోగం ఆయనకు అంటుకున్నట్టయింది. ముందుగాల మావోళ్లు నవ్విండ్రు, తర్వాత సేఠ్ సుత నవ్విండు. అడిగినంత ఇయ్యలే గాని, రేటు మాత్రం ఎక్కిచ్చిండు. నేను ఉరికొచ్చి టీచరమ్మకు చెప్పిన. ఆమె కండ్లల్ల నీళ్లు. "లకోనియా నుంచి మన మెట్‌పల్లి దాక నడిచొచ్చిందిరా మాట. ఇగ దాని మూలం రెండు ఊర్లు" అన్నది. నత్తి ఓంప్రకాశ్ అని గల్లీల ఎవ్వరన్న అంటే గానాటి నుంచి మావోళ్లే ఎదురుతిరుగుతరు.

ఇంకొక్కటి చెప్త. నా బిడ్డ నవీనకు బాసరల అక్షరాభ్యాసం. టీచరమ్మను రమ్మంటే వచ్చింది. గోదావరి నీళ్లల్ల కాళ్లు వెట్టుకొని, "మీ సరస్వతమ్మది నాది ఒకటే డిపార్ట్‌మెంట్, ఆమె హెడ్డాఫీసు" అన్నది. అందరు నవ్వుతున్నరు. నా లోపట మాత్రం ఒకటే భయం. నా నత్తి బిడ్డకు వస్తదా? అయ్యవారు చిన్నదాని వేలుతోని బియ్యంల రాయించి, "ఓం అను తల్లీ" అన్నడు. నవీన అనలే. వెనుక జనం ఆగుతలేరు, అయ్యవారికి తొందర. నేను, మంజుల ఒక్కసారే నోరు తెరిచినం, అందిద్దామని. వెనుకకెల్లి మా ఇద్దరి భుజాల మీద చెయ్యి వడ్డది. టీచరమ్మ చెయ్యి. నోరు మూసుకున్నం. చిన్నది అందరిని చూసింది, బియ్యం చూసింది, సాఫ్‌గ, యాడ ఆగకుండ అన్నది: "నాకు ఆకలైతుంది, గీ బియ్యం అన్నం ఎప్పుడు చేస్తరు?" అయ్యవారు సుత నవ్విండు. ఇయ్యాల నవీన డిగ్రీ చదువుతుంది. దాని నోటికి బ్రేకులే లేవు.

ఇగ ఆఖరుకొచ్చిన. దవాఖాన్ల ఆమె నాతోని అన్నది: "ఓంప్రకాశ్, ఒక్క విశేషణం ఎవ్వరికి ఇయ్యలే, దాచిన. అది మీ నేతగాళ్ల మాటనే. నా సభల దాని మూలం చెప్పు." చెవుల చెప్పింది. చెప్పి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు బయటికొచ్చినంక గాని సమజ్ కాలే. ఎంత ఖతర్నాక్ మనిషో చూడుండ్రి, ఆఖరికి సుత హోంవర్క్ ఇచ్చే ఎల్లిపోయింది!

గా మాట సటిల్. సన్నటిది, నాజూకైనది, కంటికి జల్ది ఆననిది అని అర్థం. మూలం లాటిన్. సబ్ అంటే కింద. తేలా అంటే మగ్గం మీద సాగదీసిన దారాలు. వాటి కిందికెల్లి సాగే సన్నటి దారం, గదే సటిల్. మగ్గం మీద సాగదీసిన దారాలు అని తిప్పి తిప్పి అంటున్న గదా. ఆమె గట్ల చెప్పుమనలే. మనం అనే మాటతోనే చెప్పుమన్నది. దేని కిందికెల్లి సాగే దారం?

ఆగుండ్రి. అందియ్యకుండ్రి. రాంచందరన్నా, నువ్వు అస్సలుకే అందియ్యకు.

...

ప... పడుగు.

పడుగు! పడుగు కిందికెల్లి సాగే పేక. ఇన్నరా? పడుగు, పేక. గిన్నేండ్ల నుంచి నేస్తున్న, నోటితోని అనుడు ఇదే మొదలు. అంతయ్య కాకా, నువ్వు ఏడుస్తున్నవా ములుగుతున్నవా?

గా మాట ఆమె ఎవ్వరికి ఇయ్యలే. నేను ఆమెకే ఇస్తున్న. మన అందరి కిందికెల్లి సన్నగ సాగింది ఆమె. బట్ట మీద కనవడలే, చేతులకు తగులలే. నా నోట్ల మాట చిక్కుకున్నప్పుడల్లా ఊకున్నది, అంతే, ఇంకేం చెయ్యలే. గంత చేసినోళ్లు నా బతుకుల ఇంకొకరు లేరు. ఆమె అంటే నాకు పాణం. గీ మాట ఆమె ఉన్నప్పుడు చెప్పలే, పాణం సుత గా అక్షరమే గదా.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఇయ్యాల సాంచలు బంద్ ఉన్నయి. అంతా నిమ్మలంగున్నది. గీ నిమ్మలంల నాకు భయమైతలేదు, ఇదే మొదటిసారి.

...

ప్రేమమ్మ.

మన ప్రేమమ్మ టీచర్. మొదట్ల చెప్పాల్సింది ఆఖరికి చెప్పిన తల్లీ. ఆలస్యమైంది. నువ్వు ఆగుతవని నాకెరుక.

అందరు లేవుండ్రి. సార్, మీరు కూసోండ్రి, మోకాళ్లు నొస్తయి. లేస్తరా? మంచిది, లేవుండ్రి. ఎన్ని నిమిషాలని ఎవ్వరు గడియారం చూడకుండ్రి, ఆమె ఎన్నడు చూడలే. నా ఒక్క మాట కోసం ఆమె ఎట్ల ఊకున్నదో, ఆమె కోసం మనం గట్ల ఊకుందాం.